బొమ్మలలో లోకం చూపిన గురువు

ఏ పాఠశాలకు పోయి చూచినా చిన్న తరగతి పిల్లల చేతిలో బొమ్మల పుస్తకం ఉంటుంది. ఆవు బొమ్మ ప్రక్కన ఆవు పేరు, చెట్టు బొమ్మ ప్రక్కన చెట్టు పేరు, దాహంతో ఉన్న ముసలివానికి నీరందించే బాలుని బొమ్మ క్రింద దయను గురించి నాలుగు మాటలు. ఈ పద్ధతి మనకు ఎంత సహజమైపోయినదంటే, దీనిని ఒకడు పనిగట్టుకొని ఆలోచించవలసి వచ్చినదని తోచనే తోచదు. కాని మూడువందల ఏండ్లకు పైబడిన కాలంలో యూరపు ఖండపు బడులలో పసివాడు మొదట చూచేది వ్యాకరణం. మొదట నేర్చేది అర్థంకాని లాటిన్ సూత్రం. మొదట రుచి చూచేది బెత్తం. ఆ పిల్లల కోసం లోకమంతటినీ బొమ్మలుగా వ్రాయించి, ఆ బొమ్మల నడుమ సద్గుణాలకు కూడ చోటిచ్చి, 1658లో ఒక పుస్తకాన్ని వెలువరించిన మహనీయుడు యాన్ ఆమోస్ కొమీనియస్.

ఆయన జీవితాన్ని పరిశీలించినవారికి ఒక సంగతి విస్మయం కలిగించక మానదు. సుఖంగా కూర్చుండి నీతులు వ్రాసినవాడు కాడాయన. ఇల్లు కాలినది, గ్రంథాలు కాలినవి, భార్యాబిడ్డలు పోయినారు, స్వదేశం దూరమైనది. మానవుని క్రూరత్వాన్ని అంత సమీపంనుండి చూచినవాడు, ఓర్పును, న్యాయాన్ని, మానవతను పిల్లలు చూచి నేర్చుకోగలరని నమ్మినాడు. ఆ నమ్మకమే ఆయన పుస్తకానికి ప్రాణం.

కొమీనియస్ 1592 మార్చి 28వ తేదీన, నేటి చెక్ దేశంలో తూర్పు భాగమైన మొరేవియాలో జన్మించినాడు. ఆయన కుటుంబం బొహీమియా సోదర సంఘమనే చిన్న క్రైస్తవ శాఖకు చెందినది. నిరాడంబరమైన జీవనం, సత్ప్రవర్తన, విద్య అంటే ఆ సంఘానికి ప్రాణం. బాలునికి పన్నెండేండ్ల వయస్సులో తలిదండ్రులు గతించినారు. ఇద్దరు అక్కచెల్లెండ్రు కూడ మరణించినారు. మేనత్త ఇంట చేరినాడు. మరుసటి ఏడే సైనికులు ఆ ఊరిపై పడి నాశనం చేయగా అక్కడి చదువు కూడ ఆగిపోయినది. సంరక్షకులు అతని చదువును గురించి శ్రద్ధ వహించలేదు. అందుచేత పదహారేండ్లు నిండిన పిమ్మట గాని లాటిన్ పాఠశాలలో ప్రవేశం దొరకలేదు.

ఆ ఆలస్యమే ఒక విధంగా వరమైనది. చిన్నపిల్లల నడుమ కూర్చున్న ఆ యువకునికి, గురువులు చెప్పుతున్న దానిని నేర్చుకొనడమే గాక, వారు చెప్పుతున్న తీరును గమనించగల వివేకం కూడ అప్పటికి వచ్చినది. అర్థం తెలియని మాటలను వల్లెవేయించడం, తెలియకపోతే కొట్టడం, కొట్టినా రాకపోతే మొద్దువాడని ముద్రవేయడం ఆయన కన్నులారా చూచినాడు. బడులు బాలుర బుద్ధిని వధించే స్థలాలైపోయినవని పిమ్మట తన గ్రంథంలో ఎంతో కటువుగా వ్రాయడానికి ఆ అనుభవమే కారణం.

ఉన్నతవిద్యకై ఆయన జర్మనీకి వెళ్ళి, 1611 నుండి హెర్బార్న్‌లోను, తరువాత హైడల్‌బర్గులోను చదివినాడు. తన మాతృభాషయైన చెక్కు భాషకు ఒక మహానిఘంటువు కూర్చాలన్న సంకల్పం ఆ విద్యార్థి దశలోనే కలిగినది. ఇరువదిరెండేండ్ల వయస్సులో తాను చదివిన ప్రెరోవ్ పాఠశాలకే ఉపాధ్యాయుడుగా తిరిగివచ్చి, పిల్లలకు సులభంగా ఉండే వ్యాకరణ నియమాలను వ్రాసి 1616లో ప్రకటించినాడు. ఆ సంవత్సరమే మతాచార్యుడైనాడు. 1618లో వివాహం చేసుకొని, ఫుల్నెక్ అనే పట్టణంలో తన సంఘానికి ఆచార్యుడుగాను, అక్కడి బడికి పెద్దగాను కుదురుకొన్నాడు.

ఆ కుదురు మూడేండ్ల ముచ్చట. 1618లోనే ప్రాగు నగరంలో ముప్పది సంవత్సరాల యుద్ధానికి నాంది జరిగినది. 1620లో శ్వేతపర్వతం దగ్గర జరిగిన పోరులో ప్రొటెస్టంటు పక్షం ఓడిపోవడంతో ఆ మతంవారికి కష్టకాలం ప్రారంభమైనది. 1621లో సైనికులు ఫుల్నెక్‌ను దోచి తగులబెట్టినారు. కొమీనియస్ ప్రాణాలు దక్కించుకొని అజ్ఞాతవాసంలోకి వెళ్ళినాడు. మరుసటి యేట మహామారి వచ్చి ఆయన భార్యను, ఇద్దరు పసిబిడ్డలను తీసుకొనిపోయినది. వారి కడసారి చూపుకు కూడ ఆయన నోచుకొనలేదు. 1623లో ఆయన పుస్తకాలను ఊరి నడిబొడ్డున రాశిపోసి కాల్చినారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియొక సంవత్సరాలు.

అజ్ఞాతవాసంలో ఉన్న ఆ రోజులలో ఆయన దుఃఖం రచనయై ప్రవహించినది. లోకమనే చిక్కుదారిలో ఒక యాత్రికుడు తిరుగాడి, ఎక్కడ చూచినా మోసం, వ్యర్థాడంబరం కనబడగా, చివరకు తన హృదయంలోనే శాంతిని కనుగొనడం అందులోని కథ. చెక్కు సాహిత్యంలో అది నేటికీ ఉత్తమ గ్రంథాలలో ఒకటి. రెండవ వివాహం 1624లో జరిగినది. ప్రభుత్వ మతాన్ని స్వీకరించనివారు దేశం విడిచి పోవలసినదని శాసనం రాగా, 1628 ఫిబ్రవరి నెల చలిలో ఆయన తన కుటుంబంతోను, తోడివారితోను సరిహద్దు దాటి పోలండులోని లెష్నో పట్టణం చేరినాడు. మరల స్వదేశంలో కాపురముండే భాగ్యం ఆయనకు కలుగలేదు.

దేశం పోయినవారికి మిగిలేది పిల్లలే. వారిని చక్కగా తీర్చిదిద్దుకొంటే ఏనాటికైనా దేశం మరల నిలబడగలదని ఆయన తలచినాడు. లెష్నోలో బోధిస్తూ, తన విద్యాసిద్ధాంతాన్ని చెక్కు భాషలో విపులంగా వ్రాసినాడు. దానిని తానే లాటిన్‌లోనికి మార్చి మహాబోధనశాస్త్రమనే పేరుతో 1657లో ప్రకటించినాడు. ధనికుల బిడ్డలు, పేదల బిడ్డలు, బాలురు, బాలికలు, పట్టణవాసులు, పల్లెవాసులు అందరూ బడికి రావలసినదేనని అందులో వాదించినాడు. మందబుద్ధులైన పిల్లలను కూడ త్రోసివేయరాదని, వారికే గురువు అవసరం ఎక్కువని అన్నాడు. పదిహేడవ శతాబ్దంలో ఇది సామాన్యమైన మాట కాదు.

శీలాన్ని గురించి ఆ గ్రంథంలో ప్రత్యేకమైన అధ్యాయమే ఉన్నది. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు చెప్పే సత్యమే ఆయనకూ ఆధారం. దుర్గుణం మనస్సులో పాదుకొనకముందే సద్గుణాన్ని నాటవలెనని ఆయన మతం. నడవడం నడకవల్ల, వ్రాయడం వ్రాతవల్ల అలవడినట్లే, సత్యం సత్యమాడడంవల్ల, ఓర్పు ఓర్చుకొనడంవల్ల అలవడుతుందని, ఉపదేశం ఒక్కటే చాలదని స్పష్టపరచినాడు. తలిదండ్రులు, దాదులు, గురువులు, తోడిపిల్లలు బాలుని ఎదుట నిత్యం కదలాడే సజీవమైన ఆదర్శాలు. పాఠం రానందుకు పిల్లవానిని కొట్టరాదు. రాకపోవడం చాలవరకు బోధించేవాని లోపం. కఠినమైన క్రమశిక్షణ అవసరమైతే అది నడవడిలోని తప్పులకు మాత్రమే వర్తించవలెనని ఆయన నిర్ణయం.

1631లో వెలువడిన ఆయన లాటిన్ వాచకం ఆయనను యూరపు అంతటా ప్రసిద్ధుని చేసినది. సుమారు ఎనిమిదివేల మాటలను వేయి వాక్యాలలో ఇమిడ్చి, ఒక్కొక్క అధ్యాయంలో లోకంలోని ఒక్కొక్క విషయాన్ని వర్ణిస్తూ కూర్చిన పుస్తకమది. భాషను నేర్చుకొంటూనే విద్యార్థి లోకాన్ని కూడ తెలుసుకొంటాడు. అనేక భాషలలోనికి అది అనువదింపబడినది. ఆ కీర్తివల్ల 1641లో ఇంగ్లండునుండి పిలుపు వచ్చినది. సర్వవిజ్ఞానాన్ని ఒక్కచోట చేర్చే విద్యాపీఠాన్ని స్థాపించాలన్న ఆశతో ఆయన లండను చేరినాడు. కాని రాజుకు, పార్లమెంటుకు మధ్య అంతర్యుద్ధం ముంచుకొని వచ్చి ఆ ఆశ అడుగంటినది. 1642లో లండను విడిచి, హాలండులో తత్త్వవేత్త డెకార్టును కలుసుకొని, స్వీడను దేశపు పాఠశాలలకు పుస్తకాలు వ్రాయడానికి ఒప్పుకొన్నాడు. ఆ పనిలో ఎల్బింగ్ నగరంలో ఆరేండ్లు గడచినవి.

1648వ సంవత్సరం ఆయనకు రెండు దెబ్బలు కొట్టినది. రెండవ భార్య మరణించినది. ముప్పదేండ్ల యుద్ధాన్ని ముగించిన వెస్ట్‌ఫాలియా సంధిలో సోదర సంఘంవారు స్వదేశం చేరడానికి మార్గం కల్పింపబడలేదు. అంతకాలం ఏ ఆశతో బ్రతికినారో ఆ ఆశ ఒక్క సంతకంతో పోయినది. ఆ సంఘానికి బిషప్పైన కొమీనియస్, చెదరిపోతున్న తనవారిని ఓదార్చవలసిన భారాన్ని కూడ మోసినాడు.

1650లో హంగరీలోని షారోష్‌పాటక్ పట్టణంనుండి ఆహ్వానం వచ్చినది. అక్కడి పాలకవంశంవారు తమ పాఠశాలను సంస్కరించుమని కోరినారు. ఆయన ఏడు తరగతుల పాఠశాలకు ప్రణాళిక వేసినాడు గాని, అది పూర్తిగా అమలుకాలేదు. పిల్లలకు లాటిన్ రాదు. పుస్తకంలోని మాటలు సూచించే వస్తువులను వారు చూచియుండలేదు. చూడని వస్తువు పేరు కంఠస్థం చేయడం గాలిని మూటగట్టడంవంటిది. పాఠాలనే నాటకాలుగా మార్చి విద్యార్థులచేత ఆడించినాడు. ఇంద్రియాలద్వారా మొదట ప్రవేశించనిది బుద్ధిలో నిలువదన్న సూత్రాన్ని ఆధారం చేసుకొని, తన వాచకాన్ని పసివారికి తగినట్లు కుదించి, ప్రతి అధ్యాయానికి ఒక బొమ్మను చేర్చ నిశ్చయించినాడు. ఓర్బిస్ సెన్సువాలియం పిక్టుస్, అనగా కంటికి కనబడే ప్రపంచపు చిత్రరూపం, ఆ విధంగా పుట్టినది.

వ్రాయడం సులభమే, బొమ్మలు చెక్కగల పనివారు ఆ ప్రాంతంలో దొరకలేదు. 1654లో ఆయన పాటక్‌ను విడిచే నాటికి పుస్తకం అచ్చు కాలేదు. వ్రాతప్రతి జర్మనీలోని న్యూరెంబర్గు నగరంలో మిఖాయేల్ ఎండ్టర్ అనే ముద్రాపకుని చేతికి వెళ్ళినది. కొయ్యదిమ్మెలపై ఒక్కొక్క బొమ్మనే చెక్కుతూ పని నెమ్మదిగా సాగినది.

ఈలోగా మరొక ప్రళయం. లెష్నోకు తిరిగివచ్చిన కొమీనియస్, పోలండుపై దండెత్తివచ్చిన స్వీడను రాజును ప్రశంసిస్తూ ఒక రచన చేసినాడు. ఆ రాజు తనవారికి దారి చూపునన్న ఆశ ఆయనచేత ఆ పని చేయించినది. అది వివేకమైన పని కాదు. 1656 ఏప్రిల్‌లో పోలండు సేనలు ప్రతీకారంతో వచ్చిపడి లెష్నోను భస్మం చేసినవి. విద్యార్థి దశనుండి నలుబదేండ్లకు పైగా కూర్చిన చెక్కు నిఘంటువు వ్రాతప్రతి ఆ మంటలలో ఆహుతైపోయినది. అరువదినాలుగేండ్ల వయస్సులో కట్టుబట్టలతో ఆయన హాలండు చేరి, ఆమ్‌స్టర్‌డాంలో తన పోషకుడైన డి గేర్ కుటుంబంవారి ఆశ్రయం పొందినాడు.

కాలినవి కాలగా, న్యూరెంబర్గులో ఉన్న బొమ్మల పుస్తకం మిగిలినది. 1658లో అది లాటిన్, జర్మన్ భాషలలో వెలుగుచూచినది. సుమారు 150 అధ్యాయాలు. ఒక్కొక్క అధ్యాయానికి పైన బొమ్మ, క్రింద రెండు భాషలలో చిన్న చిన్న వాక్యాలు. బొమ్మలోని ప్రతి వస్తువుకు ఒక అంకె. వాక్యంలో ఆ వస్తువు పేరు ప్రక్కన అదే అంకె. పిల్లవాడు మాటనుండి బొమ్మకు, బొమ్మనుండి మాటకు తనంతట తానే దారి వెదకుకోవచ్చును. ఒక గురువు, ఒక బాలుడు మాటలాడుకొనడంతో పుస్తకం ప్రారంభమవుతుంది. బాలుడు వివేకం అంటే ఏమిటని అడుగుతాడు; చక్కగా తెలుసుకొని, చక్కగా చేసి, చక్కగా మాటలాడగలగడమే అది అని గురువు భావం. అటుపిమ్మట అక్షరాలు. కాకి కూత, గొర్రెపిల్ల అరుపు, పసిపాప ఏడుపు, పాము బుస, ఇట్టి ధ్వనులతో ఒక్కొక్క అక్షరం నేర్పబడుతుంది. ఏ పసివాడు ఆ పాఠాన్ని చూచి భయపడగలడు?

తరువాత ఆకాశం, అగ్ని, నీరు, నేల, చెట్లు, పక్షులు, మృగాలు, మానవదేహం వరుసగా వస్తాయి. దున్నేవాడు, రొట్టె కాల్చేవాడు, నేతగాడు, వడ్రంగి, కమ్మరి, అచ్చుపనివాడు తమ తమ పనిముట్లతో కనబడతారు. పాఠశాల బొమ్మ కూడ ఉన్నది. గురువు పీఠంపై, పిల్లలు బల్లలపై. కొందరు శ్రద్ధగా వ్రాస్తున్నారు, కొందరు అల్లరి చేస్తున్నారు, అల్లరివారికి బెత్తం సిద్ధంగా ఉన్నది. కొమీనియస్ అబద్ధపు బడిని చిత్రించలేదు.

ఈ పనులు, ఈ వృత్తులు అయిన పిమ్మట నీతి ప్రవేశిస్తుంది. ఇక్కడ ఆయనకు ఒక చిక్కు ఎదురైనది. రొట్టెను చూపవచ్చును, నాగలిని చూపవచ్చును. ఓర్పును ఎట్లా చూపడం? అందుకై ఉపమానాలను ఆశ్రయించినాడు. వివేకం గడచినదానిని అద్దంలోను, రానున్నదానిని దూరదర్శినిలోను చూస్తుంది. శ్రద్ధకు చీమ గుర్తు, సోమరికి మిడత. మితత్వం కోరికకు కళ్ళెం వేస్తుంది. న్యాయం చతురస్రమైన రాతిపై కదలక కూర్చుంటుంది. కన్నులకు గంత కట్టియుంటుంది. ఒక చెవిని మూసి రెండవ పక్షంవాని కోసం దాచియుంచుతుంది. మానవత అన్న అధ్యాయంలో మనుష్యులు ఒకరి మేలుకై ఒకరు పుట్టినారన్న భావం కలదు. అక్కడ గువ్వలజంటవంటి స్నేహితులు ఒక ప్రక్క, కత్తులు దూసుకొన్న కోపిష్ఠులు మరొక ప్రక్క కనబడతారు.

ఓర్పు బొమ్మ చూచినప్పుడు ఆయన జీవితమంతా స్ఫురిస్తుంది. కెరటాలలో కొట్టుకొనే ఓడ, ఆశ అనే లంగరు, కారుమబ్బుల వెనుకనుండి రానున్న సూర్యుడు, సాధువైన గొర్రెపిల్ల. ఎదురుగా పగతో రగిలి తన్ను తానే చంపుకొనే అసహనపరుడు. ఇది పుస్తకాలనుండి ఎత్తివ్రాసిన నీతి కాదు. రెండు పట్టణాలు కాలుతుండగా పారిపోయివచ్చినవాడు, పగను గురించి పసిపిల్లలకు చెప్పదలచుకొన్న మాట. ఆ పుస్తకంలోనే యుద్ధం, కోట ముట్టడి కూడ బొమ్మలుగా ఉన్నవి. లోకంలో ఉన్న చెడును దాచిపెట్టి మంచిని బోధించడం ఆయన పద్ధతి కాదు.

ఐనా బొమ్మ అన్నింటికీ చాలుతుందని ఆయన ఎన్నడూ అనుకొనలేదు. సాధ్యమైన చోటల్లా అసలు వస్తువునే చూపవలెనని, రంగు, రుచివంటివి బొమ్మకు లొంగవు గనుక అరుదైన వస్తువులను బడిలో భద్రపరచుకొనవలెనని ముందుమాటలో ఉపాధ్యాయులకు సూచించినాడు. బడికి రాకముందే పిల్లలకు ఈ పుస్తకమిచ్చి ఆడుకోనివ్వవలెనని, బొమ్మలను చూచి గీయనివ్వవలెనని కోరినాడు. శీలం విషయంలో ఆ అసలు వస్తువు గురువు నడవడియే. న్యాయం బొమ్మను చూపుతూ పక్షపాతం చేసే ఉపాధ్యాయుని బోధలో పిల్లవాడు నేర్చేది పక్షపాతమే.

పుస్తకం వేగంగా వ్యాపించినది. 1659లోనే లండనులో చార్లెస్ హూల్ అనే ఉపాధ్యాయుడు ఇంగ్లీషులో వెలువరించినాడు. 1666లో నాలుగు భాషల ప్రతి వచ్చినది. తరువాతి శతాబ్దంలో ఫ్రాంక్‌ఫర్టులోని ఒక ఇంట గేటే మహాకవి బాల్యంలో చూచిన పుస్తకాలలో ఇది ఒకటి.

కొమీనియస్ చివరి దినాలు ఆమ్‌స్టర్‌డాంలోనే గడచినవి. ఆ నగరం ఆయన విద్యాగ్రంథాలను తన వ్యయంతో అచ్చువేయించినది. అదే కాలంలో, కొందరు చెప్పిన భవిష్యవాణులను నమ్మి వాటిని ప్రకటించినందుకు ఆయన పండితుల హేళనకు గురియైనాడు. స్వదేశం చేరాలన్న తపన ఆయన వివేకాన్ని అప్పుడప్పుడు కమ్మివేసినది. 1667లో ఇంగ్లండు, హాలండు దేశాల రాయబారులు సంధికై సమావేశమైనప్పుడు, ఆ వృద్ధుడు శాంతిని కోరుతూ వారికొక గ్రంథం సమర్పించినాడు. 1670 నవంబరు 15న ఆయన కన్నుమూసినాడు. సమీపంలోని నార్డెన్ పట్టణంలో సమాధి చేసినారు. మానవ వ్యవహారాల సంస్కరణను గురించి ఆయన వ్రాసిన మహాగ్రంథపు వ్రాతప్రతి రెండున్నర శతాబ్దాలు మరుగునపడియుండి, 1930వ దశకంలో జర్మనీలోని హాలె నగరంలో బయటపడి, 1966లో ప్రాగులో సమగ్రంగా అచ్చయినది.

ఆయనను వెళ్ళగొట్టిన దేశంలో నేడు మార్చి 28వ తేదీ ఉపాధ్యాయ దినోత్సవం. ఆయన చిత్రం అక్కడి రెండువందల క్రౌనుల నోటుపై వెలసినది. ఐతే ఆయన నిజమైన స్మారకం రాతిలోను, కాగితపు నోటులోను లేదు. పలకాబలపం పట్టిన బాలుడు ఒక బొమ్మపై వ్రేలుపెట్టి ఇదేమిటని అడిగిన ప్రతిసారీ, అడిగినదానికి విసుగుకొనక ఒక గురువు బదులు చెప్పిన ప్రతిసారీ, ఆ ప్రవాసి కొయ్యపై చెక్కించిన మొదటి పాఠం మరల ప్రారంభమవుతూనే ఉన్నది.